ఒక్క చేతి రొట్టె

మా ఇంటి మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళూ మొట్టమొదట అడిగే మాట ఒకటే. "కుక్కకు తిండి పెడతలేరా?" నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద పై అంతస్తులో కాపురముంటూ, సర్కారీ నౌకరీ చేసే మొగుడుండి కూడా కుక్క కడుపు మాడ్చే పిసినారిలా కనపడతానేమో వాళ్ళకు. మొదట్లో ఓపిగ్గా సంజాయిషీ చెప్పుకునేదాన్ని. తరవాత విసుగొచ్చి, "ఔ, మాకే చాల్తలేదు" అనేదాన్ని.

వాళ్ళనీ తప్పు పట్టలేను. సబాను చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పక్కటెముకలన్నీ పైకి కనిపిస్తాయి. నడుము ఎముకలు రెండూ పొడుచుకొచ్చి ఉంటాయి. ఛాతీ మాత్రం లోతు. దాని వెనక పొట్ట ఉందా లేదా అన్నట్టు వీపులోకి పోయి ఉంటుంది. తల పొడుగ్గా, సన్నగా. చిన్న చెవులు చెంపలకు అంటుకుని వేలాడతాయి. ఒళ్ళంతా ఎండిన జొన్నచొప్ప రంగు. చొప్ప మధ్య పడుకుంటే పక్కనుంచి నడిచిపోయినా మనిషి కనిపెట్టలేడని మా వారు గొప్పగా చెప్పేవారు. నాంపల్లిలో జొన్నచేను ఎక్కడుందో చూపించమని నేనడిగేదాన్ని.

మా వారి పేరు జనార్దన్. అబిడ్స్‌లో ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆయన ముందు దాన్ని కుక్క అనకూడదు. "కుక్క కాదు, కార్వానీ" అని దిద్దేవారు. వెనకటికి ఒంటెల మీద సరుకు వేసుకుని ఎక్కడెక్కడి నుంచో దక్కనుకు దిగిన వర్తకుల వెంట నడిచి వచ్చిన జాతి అట. వర్తకులు సరుకు అమ్ముకుని వెళ్ళిపోయారు, ఇవి మాత్రం మన రాళ్ళనేలకూ ఎండలకూ అలవాటుపడి ఉండిపోయాయట. వేటకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఇల్లు కాయదు. ఒకసారి మా వంటింట్లో దొంగ పడితే లేచి ఇంకో గదిలోకి పోయి పడుకుంది. మొరిగితే ఏడాదికి ఒకసారి మొరిగేది. కొత్తవాళ్ళు చెయ్యి చాపితే కరవదు, గుర్రుమనదు, పరదా చాటు బేగంలాగా మొహం తిప్పుకుని అవతలికి పోతుంది. ముక్కుతో వాసన పట్టి వెతికే రకం కాదు. కంటితో చూసి వేటాడే రకం. ఎక్కడో దూరాన గడ్డి కదిలితే చాలు, దానికి కనపడుతుంది. కనపడితే ఇక ఆగదు.

మా మామగారు ఒక జాగీర్దారు దగ్గర వేటకుక్కల షికారుఖానా చూసేవారు. అక్కడ ఇలాంటివి ఒక మందే ఉండేదట. అక్కడి కాయిదా ఏమిటంటే, ఒక కార్వానీకి ఒకే చెయ్యి. పిల్లగా ఉన్నప్పటినుంచీ ఒక్క మనిషే దానికి రొట్టె తినిపించాలి. ఇంకెవరు ఏం పెట్టినా ముట్టకూడదు. అప్పుడే అది ఎంత దూరం ఉరికినా ఆ చేతి దగ్గరికే తిరిగి వస్తుంది. ఆ మనిషి పోతే, కొత్తగా వచ్చినవాడు పాతవాడి కోటు తొడుక్కుని మొదలుపెట్టేవాడట. ఇదంతా మా వారు భోజనం దగ్గర చెప్పేవారు. నేను ఊఁ కొడుతూ చారు పోసేదాన్ని.

పోలీస్ యాక్షన్ తరవాత జాగీర్లు పోయాయి, షికారుఖానాలు పోయాయి, కార్వానీలు తలా ఒక దిక్కయ్యాయి. మా వారు ఒక్క ఆడపిల్లను సైకిల్ బుట్టలో పెట్టుకుని తెచ్చుకున్నారు. దాని మనవరాలే సబా. దీనికి జోడు కోసం ఎక్కడెక్కడికో మనుషుల్ని పంపి విచారించారు. దొరకలేదు. "ఇది ఆఖరుది, విద్యా" అనేవారు, నాకు దానితో ఏదో చుట్టరికం ఉన్నట్టు.

మాకు పిల్లలు లేరు. సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు నేను పెనం పెట్టేదాన్ని. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి జొన్నరొట్టె వేడివేడిగా ఉండాలి. అది ఆయనకు కాదు. దానికి. ముక్కలు చేసి, పాలల్లో అద్ది, ఒక్కొక్కటీ ఆయన చేత్తో అందిస్తే అది పెళ్ళికూతురిలాగా నెమ్మదిగా తీసుకునేది. చేసే చెయ్యి నాది, పెట్టే చెయ్యి ఆయనది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా నా వంక కృతజ్ఞతగా చూసిన పాపాన పోలేదు. ఆదివారం తెల్లవారగానే ఆయన సైకిలెక్కి, పక్కన దాన్ని నడిపించుకుంటూ గోల్కొండ అవతలి బీళ్ళకు వెళ్ళేవారు, ఉరికించడానికి. "నువ్వు కూడ రా, ఒక్కసారి చూడు" అనేవారు. కుక్క పరుగు చూడ్డానికి అంత దూరమా అనేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆయన ఆఫీసులో బెజవాడ, గుంటూరు వాళ్ళు నిండారు. అంతా బుష్ కోట్లు, తెల్ల పంట్లాములు. మా వారొక్కరే బాదామీ రంగు షేర్వానీ విడవలేదు. మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఎడమ చంకలో గొడుగు ఇరికించుకుని, కుడిభుజం కాస్త కిందికి జార్చి నడిచేవారు. ఎంత గుంపులో ఉన్నా తెలిసిపోయేవారు. సాయంత్రమయ్యేసరికి సబా బాల్కనీ కటకటాల్లోంచి తల బయటపెట్టి అబిడ్స్ వైపు చూస్తూ కూర్చునేది.

చలికాలం మొదట్లో ఆయన ఆఫీసు కుర్చీలోనే పోయారు. గుండె ఆగిందన్నారు. ఇంటికి తెల్లబట్ట కప్పి తెచ్చారు. సబా మంచాల కిందికి పోయి పడుకుంది. ఆ తెల్లబట్ట కింద ఉన్నది ఆయనని దానికి తెలియలేదో, తెలియనట్టు ఊరుకుందో నాకు తెలియదు. సాయంత్రం ఇల్లంతా ఏడుపులతో నిండి ఉండగా అది లేచి బాల్కనీలోకి పోయి రోడ్డు వైపు చూడసాగింది.

దినాలు అయిన రోజు మా మరిది వామన్‌రావు ఆయన పెట్టె తెరిచాడు. ఖైరతాబాద్‌లో ఉంటాడు, అన్నీ పద్ధతిగా జరగాలంటాడు.

"పోయినోళ్ళ బట్టలు ఇంట్ల ఉంచొద్దు వదినె. చాకలికిచ్చెయ్యాలె. మన పద్ధతి గదా."

పద్ధతి నాకూ తెలుసు. మా చాకలి సాయన్న ఎన్నో ఏళ్ళుగా ఆ బట్టలు ఉతికినవాడే. షేర్వానీ మూటలో పెడుతుంటే వాడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మూట ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు.

"నువ్వొక్కదానివి గీడ ఎట్లుంటవు? మా ఇంటికి రా. కుక్కను ఎవరికన్న ఇచ్చేద్దాం" అన్నాడు వామన్.

"ఒక్కదాన్నేంది? సబా ఉన్నది గదా" అన్నాను.

అన్నానే గాని, సబా ఉండేలా కనపడలేదు. ఆయన పోయినప్పటినుంచీ అది రొట్టె ముట్టలేదు. నా చేత్తో అందిస్తే మొహం తిప్పుకుంది. కంచంలో పెడితే చూడనైనా చూడలేదు. ఎవరూ లేనప్పుడు నాలుగు గుక్కలు నీళ్ళు, ఎప్పుడైనా గిన్నె అడుగున కాసిని పాలు. అంతే. పక్క వాటాలో గోపాలరావుగారి భార్య కోటేశ్వరమ్మ ఉంటుంది, తెనాలి వైపు మనిషి. తినిపించడం ఒక్కటే ఆవిడకు తెలిసిన వైద్యం.

"ముద్దపప్పులో ఇంత నెయ్యేసి కలిపి తెచ్చానండీ అక్కయ్యగారూ. మా ఊళ్ళో దూడలు కూడా కాదనవు. ఏమ్మా, తినవే తల్లీ, తినవే" అని దాని ముందు కూలబడింది. సబా లేచి గోడ వైపు తిరిగి పడుకుంది. కోటేశ్వరమ్మ చిన్నబుచ్చుకుంది. నాకు, ఏమిటో, కొంచెం తృప్తి కలిగింది. నన్నొక్కదాన్నే కాదన్నమాట అనుకున్నాను.

పశువుల దవాఖాన డాక్టరు ఇంటికి వచ్చి, నోరు తెరిచి, కళ్ళు చూసి, రోగమేమీ లేదన్నాడు. "బెంగ పెట్టుకున్నదమ్మా. ఇట్లనే ఉంటె ఈ వారం దాటదు."

ఆయన వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. దాని ముందు కూర్చుని తిట్టాను. "బెంగ నీకొక్కదానికేనా? నేను తింటలేనా? పొయ్యి ముట్టిస్తలేనా? నువ్వు గూడ పోతే నేను ఎవ్వరి మొహం చూడాలె?" అన్నాను. అది పొడుగాటి మొహం ముందుకాళ్ళ మీద పెట్టుకుని నన్ను దాటి ఎటో చూసింది. అప్పుడు ఏడ్చాను. దినాలు జరిగినన్ని రోజులూ జనం మధ్య ఏడవడం వేరు. అంత పెద్ద ఇంట్లో ఏడిస్తే వినడానికి కుక్క తప్ప ఎవరూ లేకపోవడం వేరు.

ఆ ఆదివారం దాని మెడకు తాడు కట్టి కిందికి దించాను. కాస్త బయటి గాలి తగిలితే ఆకలి పుడుతుందేమోనని ఆశ. నాతో ఎప్పుడూ రానిది, ఆ రోజు తనే ముందు నడిచింది. అబిడ్స్ వైపే లాగింది. కాళ్ళు తడబడుతున్నా ఆగలేదు. పెద్ద పోస్టాఫీసు దాటాక ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. జనం వంగి ఏరుకుంటున్నారు. ఒక రిక్షావాడు "ఓ అమ్మా, గా కుక్కకు జర బువ్వ పెట్టరాదు" అని కేకేసి పోయాడు. నేను జవాబు చెప్పబోయేంతలో సబా ఆగిపోయింది.

చెవులు లేచాయి. ఒళ్ళంతా బిగిసింది. నేను దాని చూపు వెంట చూశాను. రోడ్డు చివర, జనం తలల మధ్య, బాదామీ రంగు.

తాడు నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. తిండి లేక సగం చచ్చిన ప్రాణి అది. అయినా ఉరికింది. ఇన్నేళ్ళు నా ఇంట్లో పడుకున్న కుక్క ఉరుకుతుంటే నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఎముకలన్నీ ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. వీపు విల్లులా వంగి సాగుతోంది. కాళ్ళు నాలుగూ ఒక్కచోటికి వచ్చి, మళ్ళీ విడిపోతున్నాయి. నేల మీద ఆనుతున్నట్టే లేదు. రిక్షాల మధ్య నుంచి, సైకిళ్ళ మధ్య నుంచి, ఎవరినీ తాకకుండా పోయింది. పుస్తకాల వాళ్ళు లేచి నిలబడి చూశారు. ఆయన ప్రతి ఆదివారం చూసింది ఇదా అనుకున్నాను. రమ్మని ఎన్నిసార్లు పిలిచారు! ఇప్పుడు చూశానని చెప్పుకోవడానికి ఆయన లేరు.

నేను ఆయాసపడుతూ వెళ్ళేసరికి, మా సాయన్న షేర్వానీ తొడుక్కుని, నెత్తిన కొత్త రుమాలు చుట్టుకుని, కొయ్యబారి నిలబడి ఉన్నాడు. సబా వాడికి రెండడుగుల దూరంలో ఆగి ఉంది. వాడి మొహంలోకి చూస్తోంది. చూసి చూసి, చెవులు వాల్చేసింది. అక్కడే రోడ్డు మీద, జనం కాళ్ళ మధ్య, పడుకుంది.

"అమ్మా, మా మేనల్లుని లగ్గం కోఠిల. పెద్దసారు బట్ట గదా, మంచిగుంటదని తొడుక్కున్న. తప్పాయెనా?" అన్నాడు సాయన్న.

"తప్పేం లేదు సాయన్నా. నీకిచ్చింది, నీది. నీకు మంచిగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. అంతలో మా వారు భోజనం దగ్గర చెప్పిన మాట గుర్తుకొచ్చింది. పాతవాడి కోటు తొడుక్కుని కొత్తవాడు మొదలుపెట్టేవాడని. ఊఁ కొట్టాను గదా, ఎంత మొద్దుమొహాన్ని! ఏ గుడ్డ మీద దీని ప్రాణం నిలబడుతుందో, ఆ గుడ్డనే మూటగట్టి పంపేశాం, పద్ధతి ప్రకారం.

"సాయన్నా, లగ్గం అయినంక ఆ షేర్వానీ నాకు తెచ్చియ్యి."

వాడి మొహం పాలిపోయింది. "చాకలికిచ్చిన బట్ట మళ్ళ తీసుకోవద్దమ్మా. తీసుకుంటే పోయినాయన మళ్ళ ఇంటికొస్తడంటరు."

"వస్తే రానియ్యి" అన్నాను. "నేనేమన్న వద్దంటున్ననా?"

వాడు తలూపి, సబాను రెండు చేతులతో ఎత్తి రిక్షాలో నా పక్కన పడుకోబెట్టాడు. ఎత్తడానికి బరువే లేదు.

మర్నాడు పొద్దున్నే తెచ్చాడు. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి. వాడికి తెలిసిన మర్యాద అది. వాడు వెళ్ళాక తలుపేసుకుని ఆ షేర్వానీలో మొహం దాచుకున్నాను. సబ్బు వాసన, బొగ్గుల ఇస్త్రీ వాసన. ఆయన పాన్ వాసన, తలనూనె వాసన, ఏదీ లేదు. దానికి కంటికి ఆనవాలు చాలు. నాకు వాసన కావలసి వచ్చింది. ఎంతసేపు వెతుక్కున్నానో.

ఈ సంగతి వామన్‌కు ఎవరు చేరవేశారో గాని, మధ్యాహ్నానికల్లా వచ్చాడు.

"ఏంది వదినె ఇది? ఇచ్చిన బట్ట వాపస్ తీసుకున్నవట! నలుగురు ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరో సాయంత్రం వరకు ఆగి చూడు. ఇంక ఎక్కువనే అనుకుంటరు" అన్నాను. వాడు ఆగలేదు. కోపంగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెనం పెట్టి రొట్టె చేశాను. పాలల్లో తడిపి, ఆకులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. తెల్లచీర మీద షేర్వానీ తొడిగి మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాను. భుజాలు జారాయి, చేతులు వేళ్ళదాకా వచ్చాయి. ఆయన గొడుగు ఎడమ చంకలో ఇరికించుకున్నాను. కోటేశ్వరమ్మను పిలిచి, నేను వంటింటి వెనక మెట్ల నుంచి దిగిపోయాక సబాను బాల్కనీలోకి తీసుకుపొమ్మన్నాను. ఆవిడ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కయ్యగారూ, రోడ్డు మీదికి ఇలాగే వెళ్తారటండీ?"

"ఇట్లనే పోతా. మీరు బాల్కనీల నుంచి చూడండి, నవ్వొస్తే నవ్వండి."

"నవ్వెందుకొస్తుందండీ" అని ఆవిడ కళ్ళు ఒత్తుకుంది.

వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి, అబిడ్స్ నుంచి వచ్చే దారిలో నిలబడ్డాను. ఆఫీసులు వదిలారు. సైకిళ్ళు, రిక్షాలు, స్టేషనుకు పరుగెత్తే మనుషులు. ఆడమనిషి, అందులోనూ తెల్లచీరది, మగవాడి షేర్వానీ తొడుక్కుని నడుస్తుంటే ఎవరు చూడరు? కాలేజీ పిల్లలు ఇకిలించారు. ఒక ముసలమ్మ "పాపం, మతి పోయింది" అంది నాకు వినపడేటట్టే. నేను కుడిభుజం కాస్త జార్చి, తొందరపడకుండా నడిచాను. తొందరపడితే ఆయన నడక కాదు. పాన్ డబ్బా బిచ్చయ్య సున్నం రాస్తూ తలెత్తాడు. షేర్వానీ కనపడగానే అలవాటుకొద్దీ వాడి చెయ్యి నుదుటిదాకా లేచింది. తరవాత నా మొహం చూశాడు. చెయ్యి దించలేదు. నేనూ ఆయనలాగే చెయ్యెత్తి సలాము తీసుకున్నాను.

మలుపు తిరిగాక మా బాల్కనీ కనపడింది.

కటకటాల మధ్యనుంచి పొడుగాటి తల బయటికి వచ్చి ఉంది. నన్ను చూసింది. చెవులు లేచాయి. అంత దూరం నుంచి కూడా ఆ కళ్ళు నా మీద ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఈ మనిషి తప్ప ఇంత రోడ్డు మీద ఇంకెవరూ లేనట్టు చూస్తోంది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన రోజూ సాయంత్రం ఇక్కడికి వచ్చి తలెత్తితే కనపడేది ఇది. నేను ఆయన రావడం ఒక్కనాడూ చూడలేదు. ఆ వేళకు పెనం మీద దీని రొట్టె ఉండేది. ఆయన కోసం ఎదురుచూసే పని ఇది చేసింది, ఎదురుచూసేదానికి రొట్టె చేసే పని నేను చేశాను. ఆయనకు ఇద్దరం ఒక్కటే అయి ఉంటామా? అడగడానికి లేదు. మొహం తుడుచుకుని మళ్ళీ నడిచాను.

తల బాల్కనీలోంచి మాయమైంది. నేను గుమ్మం చేరేసరికి సబా మెట్లు దిగి వచ్చి ఆఖరి మెట్టు మీద నిలబడింది. పిలవలేదు. ఆయన పిలిచేవారు కాదు. నేను ఆకు విప్పి రొట్టె ముక్క చేతిలో పట్టుకున్నాను. అది షేర్వానీని చూసింది. తరవాత తలెత్తి, నిన్న సాయన్న మొహంలోకి చూసినట్టే, నా మొహంలోకి చూసింది. ఇప్పుడు చెవులు వాలతాయి, ఇప్పుడు పడుకుంటుంది అనుకున్నాను. చెవులు వాలాయి. కాని పడుకోలేదు. ఒక అడుగు ముందుకు వేసి, చల్లటి మూతి నా వేళ్ళకు ఆనించి, రొట్టె ముక్క నెమ్మదిగా తీసుకుంది.

ఒక్కొక్క ముక్కే పెట్టాను. చేసిన చెయ్యే పెట్టింది. పైనుంచి కోటేశ్వరమ్మ, "తింటోందండీ! తింటోందండీ!" అని ఏడుస్తూ అరిచింది. రోడ్డు మీద నలుగురు నిలబడి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

రొట్టె అయిపోయాక సబా మూతి నాక్కుని, నా పక్కనుంచి తల సాచి మళ్ళీ అబిడ్స్ వైపు చూసింది. అది మోసపోలేదు. నేనెవరో దానికి తెలుసు, ఎవరు రాలేదో కూడా తెలుసు. మెడ దగ్గరి బొత్తాం ఒకటి విప్పుకుని, ఆ మెట్టు మీదే దాని పక్కన కూర్చున్నాను. అది ఒక పక్క బరువంతా నా మోకాలికి ఆనించింది.

పైన స్టవ్ ఆర్పలేదని, పెనం మాడిపోతోందని కోటేశ్వరమ్మ కేకేసింది. మాడితే మాడనీయమన్నాను. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆయన వచ్చే వేళ ఇంకా దాటలేదు.